మెట్ల పాటలో తూలుడు

దర్జీ వీధి, పై వాటా
మంగళవారం

పిచ్చుకకి,

నిన్న నిన్ను చూశాను. చూడలేదనుకుంటున్నావేమో, అందుకే ముందుగా ఆ మాట చెప్తున్నాను. మేడమ్ ఇంటికి ఎదురుగా, మందుల షాపు ముందు, ఆకుపచ్చ గొడుగు చంకలో పెట్టుకుని నిలబడ్డావు. నీ చుట్టూ మీ ‘మెట్ల రాణి అభిమాన సంఘం’ వాళ్ళందరూ ఉన్నారు. బండి గేటు దాటి రోడ్డెక్కగానే కూడబలుక్కున్నట్టు అందరూ ఎడమ పక్కకి ఒరిగారు. కుడి చెయ్యి పైకెత్తారు. తల వెనక్కి తిప్పి పళ్ళు కనిపించేలా నవ్వారు. అందరికంటే ముందు నువ్వు నవ్వావు.

శవం వెళ్తుంటే నవ్వే మనుషుల్ని నేను ఇంతవరకు చూడలేదు.

ఆవిడ ఒంటి మీద బట్టలు నలభై ఏళ్ళుగా నేనే సర్దాను. నిన్న చివరిసారి కూడా నేనే సర్దాను. ఎడమ కాలికి మేజోడు తొడిగేటప్పుడు ఎప్పటిలాగే మెల్లిగా తొడిగాను, నొప్పి పెడుతుందేమోనని. సగం తొడిగాక గుర్తొచ్చింది, ఇంక పెట్టదని. ఆ పని ముగించుకుని గేటు దగ్గరికి వస్తే ఎదురుగా మీ నవ్వులు.

తూలుడు అంటారట దానికి. మీ సంఘంలో ఒకరికొకరు ఎదురుపడితే పలకరింపు కూడా అదేనట. ఆ సినిమాలో మెట్ల పాటలో మేడమ్ చివరి మెట్టు మీద తూలి, మెట్ల పక్క కమ్మీ పట్టుకుని, ఇటు తిరిగి నవ్విన ఆ ఒక్క క్షణాన్ని పట్టుకుని ఇన్నేళ్ళుగా సంబరపడుతున్నారు. ఆవిడ బతికుండగా ఏమైనా అనే హక్కు నాకు లేకపోయింది. ఇప్పుడు అంటున్నాను. ఇక తూలకండి. సంఘానికి నువ్వే అధ్యక్షురాలివి కాబట్టి నీతోనే మొదలుపెడుతున్నాను. కారణం అడగకు, చెప్పను. ఫోను చెయ్యకపోవడం కూడా అందుకే. ఫోనులో నువ్వు నన్ను ఒక వాక్యం పూర్తి చెయ్యనివ్వవు.

ఇంకో సంగతి. మా ఇల్లు అక్కడికి రెండు వీధుల అవతలే. నువ్వు వస్తావని మీ అన్నయ్య కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఊరందరికీ కళ్ళజోళ్ళు అమ్మే దానివి, నీకు మాత్రం సొంత అన్న ఇల్లు కనిపించలేదు.

ఒళ్ళు మండుతున్న
నీ వదిన

*

కళ్ళద్దాల దుకాణం, వెనక గది
శనివారం

వదినకి,

నీ ఉత్తరం దుకాణంలో జనం ఉండగా వచ్చింది. అది చదువుతూ ఒక ముసలాయనకి దగ్గరి చూపు అద్దం బదులు దూరపు చూపు అద్దం పెట్టాను. ఆయన నా మొహం చూసి, “ఏమ్మా, ఇంట్లో అందరూ బాగానే ఉన్నారా?” అని అడిగాడు. బాగానే ఉన్నారండీ, మా వదిన మంచి ఊపు మీద ఉంది అన్నాను.

ఇంటికి ఎందుకు రాలేదో చెప్తాను. నువ్వు నన్ను చూశావు సరే. నేనూ నిన్ను చూశాను. చెయ్యి ఊపాను. నువ్వు మొహం తిప్పుకున్నావు. లోపల మా వదిన ఉంది, ఒక్క నిమిషం చూసి వచ్చేస్తానని వాచ్‌మన్‌ని బతిమాలుకున్నాను. “పొద్దుట్నుంచి ఇలాంటి మరదళ్ళు చాలామంది వచ్చారమ్మా” అన్నాడు. ఆమె మొహం నేను చివరిసారి చూడలేదు. నువ్వు నలభై ఏళ్ళు రోజూ చూశావు, నాకు ఒక్క నిమిషం ఇప్పించలేకపోయావు. ఆ కడుపుమంటతో మీ ఇంటికి వచ్చి కాఫీ తాగి కబుర్లు చెప్పమంటావా?

ఇక తూలుడు. మేము నవ్వింది ఏడవలేక. అది నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? మిగతా సినిమాల్లో అందరూ ఒక్క అడుగు తప్పకుండా ఆడతారు. చూడ్డానికి బాగుంటుంది, ఇంటికొచ్చాక ఏమీ మిగలదు. ఆమె ఒక్కతే పడబోయి నవ్వింది. మాలాంటి వాళ్ళకి అది చాలు. మా సంఘంలో బస్సు కండక్టరు ఉద్యోగం పోయి తిరుగుతున్నప్పుడు రోజూ అద్దం ముందు తూలేవాడట. పాల బూతు ఆవిడ ఆపరేషన్ గదిలోకి వెళ్తూ స్ట్రెచర్ మీదే చెయ్యి ఎత్తి తూలింది. మా ఆయన నన్ను వదిలేసి వెళ్ళిన ఏడాది, నేను పొద్దున్నే దుకాణం షట్టర్ ఎత్తే ముందు ఒకసారి ఎడమ పక్కకి ఒరిగి, నవ్వి, అప్పుడు తాళం తీసేదాన్ని. లేకపోతే ఆ తాళం తీసే ఓపిక నాకు వచ్చేది కాదు. దాన్ని మానెయ్యమని ఒక్క కాగితం ముక్క మీద ఆజ్ఞ పంపిస్తావా, అదీ కారణం చెప్పకుండా?

పైగా ఆ మెట్లు కట్టింది మా అన్నయ్య. సంఘంలో నాకు ఆ కుర్చీ దక్కింది కూడా అందుకే. కొత్తగా చేరిన వాళ్ళని తీసుకొచ్చి, “ఈవిడ అన్నగారే ఆ మెట్లు కట్టిన సెట్టు వడ్రంగి” అని నన్ను చూపిస్తారు. అప్పుడు నేను ఎంత పొడుగవుతానో నువ్వు చూడలేదు.

అసలు కబురు ఇప్పుడు విను. మూడు నెలల తర్వాత ఇక్కడి పాత థియేటర్‌లో సంస్మరణ సభ పెడుతున్నాం. పొద్దుటి ఆట. మెట్ల పాట ఉన్న సినిమా మొత్తం వేస్తారు. అప్పట్లో ఆ సినిమాకి ప్రొడక్షన్ మేనేజరుగా చేసిన పెద్దాయన ఇప్పుడు ఈ థియేటర్ యజమాని. ఆయనే అధ్యక్షత వహిస్తారు. తూలుడు షాటుని సినిమాలో ఉంచమన్నది తానేనని ఆయన ఎంత బాగా చెప్తారో. ఆయన సలహా మీదే వేదిక మీద ఆ మెట్లు మళ్ళీ కట్టిద్దామనుకున్నాం. ఎవరు కడతారో చెప్పక్కర్లేదు కదా. అన్నయ్య పై మెట్టు మీద నిలబడి తూలుతాడు, హాలంతా లేచి అతనితోపాటు తూలుతుంది. ఇప్పటికీ ప్రతి మెట్టునీ వేలి కణుపుతో తట్టి, దాని అనుమతి తీసుకుని ఎక్కే మనిషి కదా, వేదిక మీద కూడా అలాగే తట్టి ఎక్కితే జనం నవ్వలేక చస్తారు.

అన్నయ్యకి ఈ సంగతి నువ్వే చెప్పు. కోపం తగ్గాక.

పిచ్చుక

*

దర్జీ వీధి, పై వాటా
గురువారం

పిచ్చుకకి,

మీ అన్నయ్య మెట్లు కట్టరు. వేదిక ఎక్కరు. తూలరు.

నీ ఉత్తరం నేను చెప్పకముందే చదివేశారు. చదివి కాగితం మడిచి, ఉలి పెట్టెలో పెట్టి మూత వేశారు. రెండు రోజులుగా సరిగా తినడం లేదు. అడిగితే పళ్ళు నొప్పి అంటున్నారు. ఆయనకి ఉన్నవి కట్టుడు పళ్ళు.

ఆ మేనేజరుని పెద్దాయన అని రాశావు. ఇంకోసారి ఆ మాట రాసిన కాగితం నా ఇంటికి పంపకు. వాడి పేరు చెప్పి సభ పెట్టేవాళ్ళు మేడమ్ పేరు ఎత్తకూడదు. మెట్టుని తట్టడం గురించి జోకు వేశావు చూడు, అది నాతో వేశావు కాబట్టి సరిపోయింది, ఆయన ముందు వెయ్యకు.

చెప్పాల్సినంత చెప్పాను. సభ పెట్టుకో, సినిమా వేసుకో, కళ్ళనీళ్ళు పెట్టుకో. మెట్లు మాత్రం వద్దు, తూలుడు వద్దు. ఎందుకని మళ్ళీ అడిగితే నేను జవాబు రాయను.

వదిన

*

కళ్ళద్దాల దుకాణం
సోమవారం

గౌరవనీయులైన వదినగారికి,

మీ ఆజ్ఞ అందింది. మీరు కారణం చెప్పరు, నేను అడగకూడదు, మా సంఘం మూసుకుని కూర్చోవాలి. బాగుంది.

గోడపత్రికలు అచ్చయిపోయాయి. అధ్యక్షుల వారి పేరు కింద ‘మెట్ల సృష్టికర్త’ అని అన్నయ్య గురించి వేశాం. ఒకటి ఈ కవర్లోనే పెడుతున్నాను, తీరిగ్గా చూసుకోండి. మీకు ఇష్టం లేదని ఊరంతా అతికించినవి గోళ్ళతో గీకి తీయలేను.

అన్నయ్యకి ఫోను చేశాను. మెట్ల మాట ఎత్తగానే పెట్టేశాడు. నా అన్న నా మాట మధ్యలో ఫోను పెట్టేయడం ఇదే మొదటిసారి. ఎవరు నేర్పారో నాకు తెలుసు. ఇన్నేళ్ళూ మీరు ఆమెను పెట్టెలో పెట్టి తాళం వేసుకున్నారు. ఆమె ఏ రంగు ఇష్టపడేదో అడిగితే చెప్పలేదు. నాట్యం ఎందుకు మానేసిందో అడిగితే వినపడనట్టు దారం కొరికారు. ఒక్కసారి ఆమె దగ్గరికి తీసుకెళ్ళమంటే, జనాన్ని చూస్తే ఆవిడకి తలనొప్పి అన్నారు. ఇప్పుడు ఆమె పోయింది. తాళం చెవి ఇంకా మీ నడుముకే ఉంది. ఇప్పుడు అన్నయ్యని కూడా అదే పెట్టెలో పెడుతున్నారు.

సభకి ముందు నేనే వచ్చి అన్నయ్యని తీసుకెళ్తాను. మీరు తలుపు తీయకపోతే కింద వాటా వాళ్ళందరూ వినేలా పిలుస్తాను. నా గొంతు సంగతి మీకు తెలుసు. పిచ్చుక అని పేరు పెట్టింది మీరే.

ఇట్లు,
అధ్యక్షురాలు,
మెట్ల రాణి అభిమాన సంఘం

*

దర్జీ వీధి, పై వాటా
ఆదివారం

పిచ్చుకా,

నన్ను ‘మీరు’ అంటావా? నీ జడ వేసిన చేతుల్ని, నీ మొగుడు వెళ్ళిపోయిన రోజు నీ తల ఒళ్ళో పెట్టుకున్న మనిషిని ‘మీరు’ అంటావా? తిట్టినా నువ్వని తిట్టు. ఆ గౌరవం నాకొద్దు.

నీ గోడపత్రిక మీ అన్నయ్య చూశారు. తన పేరు ఆ మేనేజరు పేరు కింద, అతికించినట్టు ఉండడం చూశారు. లేచి బయటికి వెళ్ళి మన ఇంటి మెట్ల మీద కూర్చున్నారు. చాలాసేపటికి లోపలికి వచ్చి, “పిచ్చుకకి చెప్పు. సంఘానికి కాదు. పిచ్చుకకి” అన్నారు. కాబట్టి చెప్తున్నాను. ఇది నీ దగ్గరే ఉండాలి.

ఆ మెట్లు మీ అన్నయ్యే కట్టారు. అందులో అబద్ధం లేదు. పై మెట్టుకి వచ్చేసరికి ఆరిన చెక్క అయిపోయింది. గోదాములో మిగిలింది పచ్చి చెక్క. ఇది బరువు ఆగదు, వేరేది తెప్పించండి, లేదా ఆరేదాకా ఆగండి అని మేనేజరుతో చెప్పారు. “తెల్ల రంగు కొట్టాక ఏది పచ్చో ఏది పండో కెమెరాకి తెలుస్తుందా? కొట్టు” అన్నాడు వాడు. వాదించారు. మేడమ్‌కి నేను మేకప్ గదిలో హుక్కులు పెడుతుంటే ఆ వాదన మాకు వినిపిస్తూనే ఉంది. “కొట్టలేకపోతే చెప్పు, కొట్టేవాణ్ణి తెచ్చుకుంటాను” అన్నాక మీ అన్నయ్య మేకులు కొట్టారు. మా పెద్దది అప్పుడు నా కడుపులో ఉంది.

పాట స్పీకర్లలో మోగుతోంది. నేను సూదీ దారం పట్టుకుని కెమెరా పక్కనే ఉన్నాను. ఆవిడ పై మెట్టు మీద ఎడమ కాలు వేసింది. చెక్క విరిగిన చప్పుడు పాటలో కలిసిపోయింది. కాలు చీలమండ దాకా లోపలికి దిగిపోయింది. కుచ్చుల గౌను కప్పేసింది కాబట్టి కెమెరాకి కనిపించలేదు. ఆవిడ ఒరిగిపోతూ కమ్మీ అందుకుని, మా వైపు తిరిగి, నోరు తెరిచి అరిచింది. అరిచింది పిచ్చుకా. నవ్వలేదు. పాట తీసేటప్పుడు సెట్టు మీద గొంతులు రికార్డు చెయ్యరు కాబట్టి ఆ అరుపు ఏ రీలు మీదా లేదు. నా చెవుల్లో ఉంది.

పాట ఆపారు. మేనేజరు కింద నుంచే, “ఎవడ్రా ఆ మెట్టు కట్టింది?” అని కేక పెట్టాడు. పచ్చి చెక్క సంగతి తెలిసినవాడు కాబట్టే అందరికంటే ముందు అరిచాడు. మీ అన్నయ్య సుత్తి పట్టుకుని తెర వెనక నుంచి వచ్చారు. మొహంలో నెత్తురు చుక్క లేదు. మేడమ్ ఆయన్ని చూసింది, తర్వాత నా పొట్ట చూసింది. అక్కడే, ఆ విరిగిన మెట్టు మీదే కూర్చుంది. గౌను కుచ్చులు చుట్టూ పరుచుకుంది. “మెట్టుకేం, శుభ్రంగా ఉంది. నేనే తూలాను. కాసేపు కూర్చుంటాను, మీరందరూ భోజనాలకి వెళ్ళండి” అంది.

అందరూ వెళ్ళేదాకా అలాగే కూర్చుంది, మాట్లాడించిన వాళ్ళతో మాట్లాడుతూ. నేను గౌను అంచు కుడుతున్నట్టు కింద కూర్చుని ఆ కాలు చెక్కలోంచి బయటికి తీశాను. అప్పుడు ఆవిడ నా భుజం పట్టుకున్న పట్టు, ఆ గోళ్ళ గాట్లు, చాలా కాలం పోలేదు. సెట్టు ఖాళీ అయ్యాక మీ అన్నయ్య మెట్టు మార్చారు. ఆవిడ ఆయనతో అన్నది ఒకే మాట. “ఈ మెట్టు గురించి నువ్వు ఎక్కడా నోరెత్తకు. నేను ఎత్తను.”

భోజనాలయ్యాక ఆ మేనేజరు అదే కాలి మీద ఆవిణ్ణి నిలబెట్టి దగ్గరి షాట్లు తీయించాడు. వాచింది అంటే, మొహమే కదా కనిపించేది అన్నాడు. తర్వాత ఆ ఫిల్ము వేసి చూసుకుని, మళ్ళీ తియ్యడం దండగ, దీని మీద నవ్వు అతికించండి అన్నాడు. కోరస్ పాడే అమ్మాయి ఎవరో వచ్చి మైకు ముందు నవ్వి వెళ్ళింది. మీరు ఇన్నేళ్ళుగా నవ్వుతున్నది ఆ అమ్మాయి నవ్వు. మేడమ్ నోటి మీద దాన్ని కుట్టింది ఆ మేనేజరు.

ఆ కాలు మళ్ళీ నాట్యానికి పనికి రాలేదు. పొగరెక్కి మానేసిందని పత్రికలు రాశాయి. శిఖరం మీద ఉండగా రాణిలా దిగిపోయిందని మీ సంఘం రాసింది. ఆవిడ రెండూ చదివింది. ఒకసారి వీధిలో కాలేజీ పిల్లలు గేటు ముందు తూలి, నవ్వి వెళ్తుంటే, “నేను పోయి చెప్పనా?” అని అడిగాను. “వాళ్ళు నవ్వుకుంటున్నారు కదే, నవ్వుకోనీ” అంది. అని కిటికీ తెర లాగేసింది.

మీ అన్నయ్య ఆ సినిమా ఇప్పటిదాకా చూడలేదు. అప్పటినుంచే మెట్టుని తట్టి ఎక్కుతారు. మనిద్దరం ఆ అలవాటుకి ఎంత నవ్వాం. నేను నవ్వింది నువ్వు అడగకుండా ఉండాలని.

లోకానికి చెప్పేద్దాం అని నేనంటే ఆయన ఒప్పుకోలేదు. “ఆవిడ నా కోసం దాచిన మాట. ఆవిడ పోయిందని నేను తీసి రోడ్డు మీద పడేస్తానా?” అన్నారు. చెప్తే మాత్రం ఏమవుతుంది? నా చెక్క కాదు, వడ్రంగి చెయ్యి అంటాడు వాడు. జనం వాణ్ణి నమ్ముతారు, వాడికి థియేటర్ ఉంది.

ఇప్పుడు మెట్లు కట్టించుకో, తీసుకెళ్ళి పై మెట్టు మీద నిలబెట్టు మీ అన్నయ్యని. తలుపు తీసే ఉంటుంది.

వదిన

*

వెనక గది
మంగళవారం

సంబోధన ఏం పెట్టాలో తెలియలేదు. వదిలేశాను.

మీరు ముగ్గురూ కలిసి నన్ను ఇన్నేళ్ళు పిచ్చిదాన్ని చేశారు. నేను ప్రతి సభలో లేచి నిలబడి “మా అన్నయ్య కట్టిన మెట్లు” అని ఛాతీ విరుచుకుని చెప్పినప్పుడు నువ్వు ఇంట్లో ఏం చేసేదానివి? గోడకి తిరిగి కూర్చునేదానివా? ఒక్క మాట, చెవిలో ఒక్క మాట అని ఉంటే నేను నోరు మూసుకునేదాన్ని. పిచ్చుకకి నోరాగదు అనుకున్నారు. నాకు ఆగదని మీరు తీర్మానించేశారు, నన్ను అడగలేదు.

ఆమె మీద కూడా కోపంగా ఉంది. చచ్చిపోయిన మనిషి మీద కోపం రావడం ఏమిటి అంటావు. వచ్చింది. నేను షట్టర్ ఎత్తలేక ఏడ్చిన పొద్దుల్లో నన్ను నిలబెట్టింది ఒక కోరస్ అమ్మాయి నవ్వా? నేను ఎవరిని తలుచుకున్నట్టు? ఇన్నేళ్ళూ ఒక ఆడమనిషి అరుస్తుంటే ఎదురుగా నిలబడి వెక్కిరించినట్టేగా. నువ్వు గేటు దగ్గర మొహం తిప్పుకున్నది ఇందుకా? కొన్నేళ్ళ ముందే తిప్పుకుని ఉంటే నాకు అర్థమయ్యేది.

నిన్న ఒక చిన్న పిల్లకి చూపు పరీక్ష చేస్తూ, “ఏం కనిపిస్తోందో అదే చెప్పు, ఏం ఉండాలో ఊహించి చెప్పకు” అన్నాను. రోజూ అనే మాటే. నిన్న అన్నాక నాలుక కరుచుకున్నాను.

సభ ఆపను. ఆపితే వాడు ఇంకొకళ్ళని కూర్చోబెట్టి జరిపిస్తాడు, వాళ్ళు ఇంకా గట్టిగా తూలుతారు. మెట్లు ఉండవు. అన్నయ్య పేరు ఉండదు. నీ మాట బయటికి రాదు. మిగతాది నా ఇష్టం, కారణం అడగకు.

పిచ్చుక

*

కళ్ళద్దాల దుకాణం, వెనక గది
సోమవారం

వదినా,

సభ అయిపోయింది. కోపం కాస్త తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గేలా లేదు, అందుకే రాస్తున్నాను.

గోడపత్రికల మీద అన్నయ్య పేరు దగ్గర తెల్ల కాగితం అతికించాను, ఊరంతా తిరిగి, ప్రతి దాని మీదా, నేనే. మెట్లు ఏవని మేనేజరు అడిగాడు. వడ్రంగి రానన్నాడు అన్నాను. “వాడి మొహం, వేరేవాణ్ణి తెచ్చుకుందాం” అన్నాడు. ఇన్నేళ్ళ తర్వాత కూడా వాడి నోట్లో అదే మాట ఉంది వదినా. సంఘం ఒప్పుకోదని చెప్పాను. సంఘాన్ని నేను అడగలేదు.

థియేటర్ ఆపరేటరు మా సంఘం మనిషే. పై మెట్టు మీద ఆమె కాలు వేసేటప్పటికి శబ్దం మొత్తం తీసెయ్యమన్నాను. పాట, నవ్వు, అన్నీ. “జనం కుర్చీలు విరగ్గొడతారు” అన్నాడు. విరగ్గొట్టనీ, వడ్రంగులున్నారు అన్నాను. ఎందుకని అడిగాడు. కారణం అడగకు, చెప్పను అన్నాను. ఆ మాట అంటుంటే అచ్చం నీలాగే ఉన్నానని నాకే తెలిసింది, దాంతో నీ మీద ఇంకో కోపం.

హాలు నిండిపోయింది. వాడు ముందు వరసలో మధ్య కుర్చీలో కూర్చున్నాడు. సినిమాకి ముందు మాట్లాడాడు. ఆ నవ్వు తన ఐడియా అన్నాడు. “నేను లేకపోతే మీకు ఆ నవ్వు లేదు” అన్నాడు. అది మాత్రం నిజమే. జనం చప్పట్లు కొట్టారు. నేను ఒళ్ళో చేతులు లేవకుండా ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

మెట్ల పాట మొదలైంది. ఆమె ఎక్కుతోంది. అలవాటు ప్రకారం పై మెట్టుకి ముందే జనం కుర్చీల్లోంచి లేవడం మొదలుపెట్టారు. కుడి చేతులు లేచాయి. ఆమె కాలు వేసింది. శబ్దం పోయింది.

సగం ఒరిగిన మనుషులు ఒరిగినట్టే ఆగిపోయారు. నవ్వు వినపడితే నవ్వడం అలవాటైన జనం, అది వినపడకపోయేసరికి ఏం చెయ్యాలో తెలియక తెర వంక చూశారు. నేనూ చూశాను. ఆ షాటు నేను ఎన్నిసార్లు చూశానో నాకే తెలియదు, ఆ మొహం మాత్రం ఎప్పుడూ చూడలేదు. కళ్ళు ఎలా ఉన్నాయో, కమ్మీ మీద వేళ్ళు ఎలా బిగుసుకున్నాయో. ఆమె చూస్తున్నది మమ్మల్ని కాదు. కెమెరా పక్కకి, నువ్వు నిలబడ్డ చోటుకి చూస్తోంది. ఎవరినో సాయానికి పిలుస్తున్న మొహం. అది తెలియడానికి ఎవరూ ఏ కథా చెప్పక్కర్లేదు.

ఒక్కొక్క చెయ్యి దిగింది. పాల బూతు ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కండక్టరు కూర్చున్నాడు, పక్కవాళ్ళు కూర్చున్నారు, వెనక వరసలు కూర్చున్నాయి. కుర్చీల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ చప్పుడులో ముందు వరసలో ఒక్కడు మాత్రం నిలబడి, ఎడమకి ఒరిగి, చెయ్యి పైకెత్తి హహ్హహ్హ అని నవ్వుతున్నాడు. అంత హాల్లో వాడి నవ్వు ఒక్కటే. వాడికి తెర చూడాల్సిన అవసరం ఏముంది? అందులో ఏముందో వాడికి మొదట్నుంచీ తెలుసు. కాసేపటికి తన గొంతు తనకే వినపడి వెనక్కి తిరిగాడు. మొత్తం హాలు కూర్చుని వాడి వంక చూస్తోంది. వెనక నుంచి పాల బూతు ఆవిడ మామూలు గొంతుతో, “ఆ చెయ్యి దించి కూర్చోవయ్యా” అంది.

కూర్చున్నాడు.

బయటికి వచ్చాక కండక్టరు నా పక్కన చాలాసేపు నడిచి, “ఆమె ఏడుస్తోంది కదండీ?” అని అడిగాడు. “నువ్వేం చూశావు?” అన్నాను. ఏడుస్తోందండీ అన్నాడు. అయితే ఏడుస్తోందన్నాను. అంతకుమించి ఒక్క మాట అనలేదు, నీ మీద ఒట్టు. నాకు నోరాగదని మళ్ళీ ఎప్పుడూ అనకు.

మేనేజరు కారు దగ్గర నన్ను ఆపి, శబ్దం ఎందుకు పోయిందని కళ్ళెర్ర చేశాడు. పాత మిషనండీ అన్నాను. “మీ చూపు ఎలా ఉందండీ? ఒకసారి దుకాణానికి రండి, దగ్గరుండి పరీక్ష చేస్తాను” అన్నాను. వాడు కారెక్కి తలుపు ఎంత గట్టిగా వేసుకున్నాడో, దాని చప్పుడు నాకు ఇప్పటికీ హాయిగా ఉంది.

ఇవాళ పొద్దున దుకాణం ముందు నిలబడ్డాను. అలవాటు కొద్దీ ఎడమకి ఒరగబోయి ఆగాను. ఎలా తెరవాలో తోచలేదు. పడబోయి నవ్విన మనిషి లేదు. పడిపోయి, అరిచి, ఆ తర్వాత ఇంకొకరి ఇల్లు కూలిపోకుండా గౌను పరుచుకుని కూర్చున్న మనిషి ఉంది. నాకు ఈమె ఇంకా పరిచయం కాలేదు. కాసేపు మెట్టు మీద కూర్చున్నాను, ఆమెలాగే. తర్వాత లేచి తాళం తీశాను.

అన్నయ్యకి ఇది చదివి వినిపించు. నా మీద కోపం పోయిందో లేదో రాయి. నాకు నీ మీద పోలేదు.

పిచ్చుక

*

దర్జీ వీధి, పై వాటా
శుక్రవారం

పిచ్చుకా,

నాకూ పోలేదు. గేటు దగ్గర నవ్విన నీ మొహం ఇంకా కళ్ళ ముందే ఉంది. కానీ నిన్ను లోపలికి పిలవకపోవడం నా తలబిరుసు. ఆవిడ మొహం నువ్వు చూసి ఉండాల్సింది. అది చివర్లో బాగానే ఉంది, నొప్పి లేని మొహంలా ఉంది. ఆవిడకి ఇష్టమైన రంగు బూడిద రంగు. అడిగావు కదా. అన్ని రంగుల గౌన్లు వేయించిన వాళ్ళు ఒక్కసారీ అది వేయించలేదు.

నీ ఉత్తరం మీ అన్నయ్యకి చదివి వినిపించాను. “కూర్చోవయ్యా” అన్న చోట మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ చదివాను. “ఇంకోసారి” అన్నారు. తర్వాత లేచి కంచం తనే తెచ్చుకున్నారు.

అంతా బాగైపోయిందనుకోకు. ఇవాళ బజారుకి వెళ్తూ మెట్లు దిగేటప్పుడు ప్రతి మెట్టునీ తట్టే దిగారు. అది పోదు. దాని గురించి ఇంక మనం నవ్వం, అంతే.

సాయంత్రం ఉలి పెట్టెలోంచి నీ పాత ఉత్తరం తీసి నాకిచ్చి, మీ ఆపరేటరు మంచివాడేనా అని అడిగారు. మంచివాడే అనుకుంటా, ఎందుకు అన్నాను. ఆ సినిమా ఒకసారి చూస్తానన్నారు. హాల్లో ఇంకెవరూ ఉండకూడదట, మనం ముగ్గురమే ఉండాలట.

పై మెట్టు దగ్గర శబ్దం తీసెయ్యాలట.

వదిన